గురిగింజ ఎత్తులో గురి!

ఎదురుగా వెయ్యి గజాల దూరంలో భోజనం పళ్లెమంత వలయం. తుపాకీలో పెన్సిల్‌కన్నా సన్నని బుల్లెట్‌. కంటిచూపూ చేతి నిలకడా ఉంటే చాలదు, ఆ తూటా కూడా చెప్పినమాట వినాలి. అందుకే అమెరికా, కెనడా, బ్రిటన్‌ లాంటి దేశాల్లో దూరపు గురి పోటీలకు వెళ్లేవాళ్లు చాలామంది తూటాల్ని దుకాణంలో కొనరు. ఇంట్లో కూర్చుని, తూకం వేసి, కొలిచి, తామే తయారు చేసుకుంటారు. ఆ ‘ఇంటివంట’ పేరే హ్యాండ్‌లోడింగ్‌.

కంసాలి దగ్గర గురిగింజలు చూసే ఉంటారు. ఎర్రటి ఒంటికి నల్లటి బొట్టు పెట్టుకున్న బుజ్జి గింజలు. ఒకప్పుడు బంగారం తూచడానికి అవే తూనికరాళ్లు. ఒక్కోటీ గ్రాములో ఎనిమిదో వంతు ఉంటుంది, అటూ ఇటూగా. ఇంగ్లిషువాళ్లకీ ఇలాంటి గింజ లెక్కే ఒకటుంది. పేరు ‘గ్రెయిన్‌’. ధాన్యపు గింజ బరువు నుంచి పుట్టిన కొలత అది. మన గురిగింజలో దాదాపు సగం. గ్రాముకి పదిహేనున్నర గ్రెయిన్లు తూగుతాయి. కిలోలూ గ్రాములూ వచ్చి ఎన్నేళ్లయినా బుల్లెట్‌నీ తుపాకీ మందునీ తూచేవాళ్లు ఇప్పటికీ ఆ గింజ లెక్కనే పట్టుకు వేలాడుతున్నారు.

అక్కడితో ఆగితే విశేషం ఏముంది? దూరపు గురి పోటీలకి తయారయ్యేవాళ్లు గ్రెయిన్‌ని మళ్లీ పది భాగాలు చేసి, అందులో ఒక భాగం తేడా రాకుండా మందు తూస్తారు. అంటే ఒక గురిగింజని ఇంచుమించు ఇరవై ముక్కలు చేసి, ఒక్క ముక్క ఎక్కువైనా ఒప్పుకోరన్నమాట! ఇంత పట్టింపు దేనికో తెలియాలంటే ముందు తూటా కడుపులో ఏముందో చూడాలి.

నాలుగు వస్తువులు... ఒక తూటా

తూటా అనగానే మనకి గుర్తొచ్చేది ముందున్న మొనదేలిన ముక్క. నిజానికి గురి దాకా వెళ్లేది అదొక్కటే. దాన్ని బుల్లెట్‌ అంటారు. మధ్యలో సీసం, పైన పల్చని రాగి తొడుగు. దాని వెనకాల ఇత్తడి గొట్టం. నూటికి డెబ్భై పాళ్లు రాగి, ముప్ఫై పాళ్లు తుత్తునాగం కలిపి చేసిన ఇత్తడి అది. గొట్టంలో తుపాకీ మందు. అడుగున చిన్న గుంటలో ప్రైమర్‌ అనే బుల్లి గిన్నె. ట్రిగ్గర్‌ నొక్కితే లోపలి సూది వెళ్లి ఆ గిన్నెని కొడుతుంది. నిప్పురవ్వ పుడుతుంది. మందు అంటుకుంటుంది. పుట్టిన వాయువు బుల్లెట్‌ని బయటికి తోస్తుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది.

ఈ నాలుగింటిలో మళ్లీ పనికొచ్చేది ఇత్తడి గొట్టం ఒక్కటే. ఖరీదులోనూ ఎక్కువ భాగం దానిదే. బుల్లెట్‌ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్‌ చచ్చుబడిపోతుంది. గొట్టం మాత్రం కాస్త మసిబారి తుపాకీలోంచి కింద పడుతుంది. దాన్ని ఏరుకుని, కడిగి, మళ్లీ నింపుకుంటే? హ్యాండ్‌లోడింగ్‌ మొదలయ్యేది అక్కడే.

ఇందులో ఓ తమాషా ఉంది. పాత ప్రైమర్‌ని ఊడబెరకడం తేలికైతేనే గొట్టాన్ని మళ్లీ వాడగలం. ఎడ్వర్డ్‌ బాక్సర్‌ అనే ఆంగ్లేయ సైనికాధికారి 1860ల్లో రూపొందించిన పద్ధతిలో గొట్టం అడుగున నట్టనడుమ ఒకటే చిల్లు ఉంటుంది. సన్నని పుల్లలాంటిది పెట్టి పొడిస్తే పాత ప్రైమర్‌ ఊడి వచ్చేస్తుంది. ఇంచుమించు అదే కాలంలో హైరమ్‌ బెర్డన్‌ అనే అమెరికన్‌ మరో పద్ధతి తెచ్చాడు. అందులో చిల్లులు పక్కలకి ఉంటాయి, ఊడదీయడం తలనొప్పి. చివరికి ఏమైంది? ఆంగ్లేయుడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది. అమెరికన్‌ పద్ధతి ఐరోపా సైన్యాల్లో పాతుకుపోయింది. అమెరికాలో ఇంటింటా తూటాలు నింపుకునే అలవాటు పెరగడానికి ఆ నడుమ చిల్లు కూడా ఒక కారణమే.

ఒక్క శాతం తేడా వస్తే...

ఫ్యాక్టరీలో లక్షల్లో తయారయ్యే తూటాలు ఉండగా ఇంట్లో ఈ తంటా ఎందుకు? డబ్బు ఆదా అనేది మొదటి జవాబు. అయితే దూరపు పోటీలవాళ్ల అసలు జవాబు వేరే. వాళ్లకి కావాల్సింది గొప్ప తూటా కాదు. ఒకేలాంటి తూటాలు. మొదటిది ఎలా ఉందో ఇరవయ్యోదీ అలాగే ఉండాలి.

చిన్న కాలిబర్‌ రైఫిళ్లలో బాగా పేరున్న .223 రెమింగ్టన్‌ తూటానే తీసుకుందాం. బుల్లెట్‌ మందం 5.7 మిల్లీమీటర్లు. పోటీల కోసం నింపిన బరువైన బుల్లెట్‌ సెకనుకి సుమారు 850 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరం చేరేసరికి ఒకటిన్నర సెకన్లు దాటుతుంది. ఆ కాసేపట్లోనే భూమి దాన్ని దాదాపు పది మీటర్లు కిందికి లాగేస్తుంది. మూడంతస్తుల మేడంత ఎత్తు! అందుకే షూటర్‌ తన గురిని అంత పైకి సర్దుకుని పేలుస్తాడు. సర్దుబాటు చేసుకోవడం కష్టం కాదు, ప్రతి బుల్లెట్‌ అంతే కిందికి దిగుతుందన్న నమ్మకం ఉంటే.

ఆ నమ్మకం వమ్మయితే? ఒక తూటాలో వేగం ఒక్క శాతం తగ్గిందనుకోండి. వంద గజాల దూరంలో ఆ తేడా మిల్లీమీటరు. ఎవరికీ కనపడదు. అదే వెయ్యి గజాల దగ్గర ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు కిందికి దిగిపోతుంది. ఎఫ్‌-క్లాస్‌ అనే దూరపు గురి పోటీలో వెయ్యి గజాల లక్ష్యం మీద పది పాయింట్ల వలయం వెడల్పు పది అంగుళాలు, అంటే పాతిక సెంటీమీటర్లు. షూటర్‌ తప్పేమీ లేకుండానే, ఊపిరి బిగబట్టి చక్కగా పేల్చినా, పాయింటు పోతుంది. దగ్గర్లో దాక్కున్న తప్పు దూరంలో బయటపడుతుంది. పోటీదారుణ్ని ఇంట్లో బల్ల ముందు గంటలకొద్దీ కూర్చోబెట్టేది ఆ ఇరవై సెంటీమీటర్లే.

ఇంకో కారణమూ ఉంది. ఒకే కంపెనీ, ఒకే నమూనా రైఫిళ్లు రెండు తీసుకున్నా వాటి బ్యారెళ్లు అచ్చంగా ఒకటి కావు. ఒకదానికి నచ్చిన తూటా మరోదానికి నచ్చకపోవచ్చు. ఫ్యాక్టరీవాడు అందరికీ సరిపోయేలా వండుతాడు. ఇంట్లో నింపుకునేవాడు తన ఒక్క రైఫిల్‌ రుచి తెలుసుకుని వండుతాడు. హోటలు సాంబారుకీ ఇంటి సాంబారుకీ ఉన్న తేడా!

బల్ల మీద ఏం జరుగుతుంది?

మొదటి పని శుభ్రం చేయడం. మన ఇళ్లలో ఇత్తడి బిందెల్ని చింతపండు పెట్టి తోమినట్టే అక్కడా ఇత్తడి గొట్టాల్ని మెరిపిస్తారు. కాకపోతే చేత్తో తోమరు. గిర్రున కదిలే ఒక డబ్బాలో మొక్కజొన్న కండెల పొడి, లేదంటే అక్రోటు పెంకుల పొడి పోసి అందులో గొట్టాలు పడేస్తారు. కొన్ని గంటల్లో మసి వదిలిపోతుంది.

తరవాత కొలత సరిచేయడం. తూటా పేలినప్పుడు గొట్టం ఉబ్బి తుపాకీ గదిని నిండుగా పట్టేస్తుంది. చల్లబడ్డాక కొంచెం కుదించుకున్నా పాత రూపానికి రాదు. దాన్ని ‘డై’ అనే ఉక్కు అచ్చులో పెట్టి, చేతి మీటతో పనిచేసే ప్రెస్సు మీద నొక్కుతారు. అదే ఊపులో పాత ప్రైమర్‌ ఊడిపోతుంది. ఇక్కడే నేర్పు కావాలి. మరీ ఎక్కువ నొక్కితే ఇత్తడి త్వరగా అలిసిపోయి పగులుతుంది. తక్కువ నొక్కితే తూటా తుపాకీలోకి సరిగా వెళ్లదు. బోల్టు రైఫిల్‌ వాడే అనుభవజ్ఞులు గొట్టం భుజాన్ని ఒక అంగుళంలో వెయ్యోవంతో రెండు వేల వంతులో మాత్రమే వెనక్కి నెడతారు. తలవెంట్రుక మందం కన్నా తక్కువ!

ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపటికి గట్టిపడి పుటుక్కున తెగుతుంది కదా. ఇత్తడి గొట్టం మెడకీ అదే జరుగుతుంది. పేలినప్పుడల్లా ఉబ్బి, అచ్చులో నొక్కినప్పుడల్లా కుదించుకుని గట్టిపడుతుంది. అప్పుడు ఒక గొట్టం బుల్లెట్‌ని గట్టిగా, మరోటి వదులుగా పట్టుకుంటుంది. పట్టు మారితే వేగం మారుతుంది. అందుకే మెడని మాత్రం కొన్ని సెకన్లు వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగుభాగానికి వేడి తగలనివ్వరు. ఒత్తిడిని ఓర్చుకోవాల్సింది అదే కాబట్టి గట్టిగానే ఉండాలి.

సాగిన గొట్టాల అంచుల్ని కోసి సమం చేయడం, కొత్త ప్రైమర్‌ని వేలికి తెలిసేంత సున్నితంగా కూర్చోబెట్టడం ఆ తరవాతి పనులు. అప్పుడొస్తుంది తూకం. అరచెంచాడు కూడా ఉండని మందుని త్రాసులో పోసి, చివర్లో రవ్వ రవ్వగా రాలుస్తూ అంకె సరిపోయే దాకా చూస్తారు. చివరగా బుల్లెట్‌ని గొట్టం మూతిలో నిలువుగా, ఒంకర లేకుండా దించుతారు. ఎంత లోతుకి దిగిందో కొలుస్తారు. తూటాని దొర్లించి చూసి వంకర ఉంటే పక్కన పెడతారు. అవి సాధనకి. నిటారుగా ఉన్నవి పోటీకి.

వంద తూటాలకి ఒక సాయంత్రం సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు కూడా. ప్రతి డబ్బా మీదా చీటీ... ఏ మందు, ఎంత, ఏ బుల్లెట్‌, గొట్టం ఎన్నోసారి వాడుతున్నది, ఏ తేదీన నింపింది. మన అమ్మమ్మలు ఆవకాయ జాడీల మీద సంవత్సరం రాసి పెట్టినట్టు!

మూడు పాయింట్ల పోరు

ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్‌ దగ్గరి క్రీడ్‌మూర్‌ మైదానంలో ఐర్లండ్‌, అమెరికా జట్ల మధ్య ఒక పోటీ జరిగింది. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐరిష్‌వాళ్లు అప్పటికి మేటి షూటర్లు. మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లు తెచ్చారు. అమెరికన్లు వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్‌, షార్ప్స్‌ రైఫిళ్లతో దిగారు. పోటీదారులు తమ మందు తామే చూసుకోవడం ఆ రోజుల్లో మామూలు సంగతి.

వేలమంది జనం చూస్తున్నారు. ఐరిష్‌ జట్టులో ఒకరు చక్కగా గురిచూసి నట్టనడుమ కొట్టారు. కాకపోతే పక్కవాళ్ల లక్ష్యాన్ని! సున్నా వచ్చింది. పోటీ చివరికొచ్చేసరికి ఐర్లండ్‌ 931, అమెరికా 930. మిగిలింది అమెరికా తరఫున కర్నల్‌ జాన్‌ బొడీన్‌ కాల్చాల్సిన ఒకే ఒక్క తూటా. అంతకు కాసేపటి ముందే జింజర్‌బీర్‌ సీసా పగిలి ఆయన చెయ్యి కోసుకుపోయింది. రక్తం కారుతున్న చేతికి రుమాలు చుట్టుకుని పడుకుని పేల్చాడు. నాలుగు పాయింట్లు. 934-931తో అమెరికా గెలిచింది. ఆ మైదానం ఎప్పుడో ఊరిలో కలిసిపోయింది కానీ పేరు పోలేదు. 2007లో హోర్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌ అనే పోటీ తూటాకి ఆ పేరే పెట్టారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ అభిరుచిని ఇంటింటికీ చేర్చింది పెద్ద కంపెనీలు కావు, పెరటి పనివాళ్లు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మామూలు జనానికి బుల్లెట్లు దొరకడం గగనమైంది. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్‌ హంటింగ్టన్‌ అనే యువకుడు తన తండ్రి లాండ్రీ వెనక గదిలో చిన్న లేతు మెషీన్‌ పెట్టుకుని బుల్లెట్లు ఒత్తే అచ్చులు చేశాడు. వాడి పారేసిన .22 గొట్టాలనే బుల్లెట్‌కి తొడుగుగా మార్చే అచ్చులు అవి. రాక్‌చక్‌ అనే కొండ ఉడుత జాతి జంతువు వేట కోసం చేసినవి కాబట్టి వాటికి రాక్‌చక్‌ బుల్లెట్‌ స్వేజ్‌ అని పేరు. 1943లో మొదలైన ఆ లాండ్రీ వెనక గది వ్యాపారమే నేడు హ్యాండ్‌లోడింగ్‌ పరికరాల్లో పేరుమోసిన ఆర్‌సీబీఎస్‌.

1970ల్లో మరో జోడీ. లూ పాల్మిసానో డాక్టరు. ఫెరిస్‌ పిండెల్‌ అచ్చులు చేసే మెకానిక్‌. ఇద్దరూ కలిసి .220 రష్యన్‌ అనే తూటా గొట్టాన్ని మార్చి పొట్టిగా, లావుగా ఉండే 6 మిల్లీమీటర్ల పీపీసీ తూటా తయారుచేశారు. బల్ల మీద రైఫిల్‌ ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్‌ పోటీల్లో అది దశాబ్దాలపాటు రాజ్యమేలింది. ఆ పోటీలకి వెళ్తే ఇంకో వింత కనిపిస్తుంది. చాలామంది తూటాలు ఇంటి నుంచి తేరు. ప్రెస్సూ మందు డబ్బా మైదానానికే తెచ్చుకుని, ఒక రౌండుకీ మరో రౌండుకీ మధ్య అక్కడికక్కడే నింపుకుంటారు. పొద్దుటి చలికీ మధ్యాహ్నపు ఎండకీ తగ్గట్టు మందు కాస్త అటూ ఇటూ మారుస్తారు. పెళ్లి పందిట్లో వేడివేడిగా వడ్డించినట్టన్నమాట!

బొంగరం సూత్రం

చిన్న కాలిబర్‌తో పెద్ద దూరం కొట్టడమంటే గాలితో కయ్యమే. ఆకులూ చిన్న రెమ్మలూ కదిలేపాటి గాలి, గంటకి పదహారు కిలోమీటర్లది, అడ్డంగా వీస్తే చాలు. వెయ్యి గజాలు చేరేలోపు .223 బుల్లెట్‌ రెండు మీటర్లకు పైగా పక్కకి జరిగిపోతుంది.

దీనికి విరుగుడు పొడవైన, బరువైన బుల్లెట్‌. ఒకప్పటి ఎం16 సైనిక రైఫిల్‌ 55 గ్రెయిన్ల బుల్లెట్‌ కాల్చేది. పోటీలవాళ్లు అదే మందంలో 80 గ్రెయిన్ల దాకా వెళ్లారు. అయితే పొడుగాటి బుల్లెట్‌ గాల్లో తిన్నగా నిలవాలంటే బొంగరంలా జోరుగా తిరగాలి. బొంగరం వేగం తగ్గితే తూలుతుంది కదా, ఇదీ అంతే. అందుకే బ్యారెల్‌ లోపలి మెలికల గాడుల్ని మార్చారు. పాత ఎం16లో పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు తిరిగే గాడులు పోటీ రైఫిళ్లలో ఏడెనిమిది అంగుళాలకే ఒక చుట్టు తిరుగుతాయి. అందులోంచి వచ్చే బుల్లెట్‌ సెకనుకి నాలుగువేల చుట్లకు పైగా తిరుగుతుంది!

ఇదంతా పరీక్షకు నిలిచిన చోటు ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్‌ పెర్రీ. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఈ మైదానంలో అమెరికా జాతీయ పోటీలు 1907 నుంచి జరుగుతున్నాయి. సరస్సు మీది గాలి ఓ పట్టాన నిలవదు. 1990ల మధ్య దాకా అక్కడి సైనిక రైఫిల్‌ విభాగంలో పెద్ద కాలిబర్‌ రైఫిళ్లదే పైచేయి. ‘చిన్న తూటా ఆరువందల గజాలకి ఏం పనికొస్తుంది’ అన్నవాళ్లే ఎక్కువ. బరువైన బుల్లెట్లు, జోరైన గాడులు, జాగ్రత్తగా నింపిన తూటాలు కలిసి ఆ మాటని తిరగరాశాయి. ఆరువందల గజాల దగ్గర వాడే ఆ 80 గ్రెయిన్ల తూటాలు ఎంత పొడుగంటే మ్యాగజీన్‌లో పట్టవు. ఒక్కోటీ చేత్తో పెట్టి కాల్చాల్సిందే. ఆ విభాగంలో నిదానంగా కాల్చే రౌండుకి ఎలాగూ అంత సమయం ఇస్తారు. ఇలా పట్టకుండా పొడుగ్గా నింపడం ఇంట్లో చేసుకునేవాడికే చెల్లింది.

అలాగని చిన్నది పెద్దదాన్ని అన్నిచోట్లా ఓడించలేదు. కెనడాకి చెందిన జార్జ్‌ ఫర్కర్సన్‌ వయసు మీదపడి పట్టీ బిగించి పడుకుని కాల్చడం కష్టమయ్యాక, టెలిస్కోపూ ఊతమూ వాడుకునే పద్ధతి తెచ్చాడు. ఆయన పేరులోని తొలి అక్షరంతో అది ఎఫ్‌-క్లాస్‌ అయింది. 2002లో ఒట్టావాలో దాని తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. అందులోని ఒక విభాగంలో రెండే తూటాలకు అనుమతి. .223, .308. గాలి తాకిడికి భయపడి ఎక్కువమంది .308 వైపే మొగ్గారు. చిన్నదాన్ని నమ్ముకున్నవాళ్లకి దక్కే లాభం తక్కువ కుదుపు, తక్కువ ఖర్చు. గాలిని చదవడంలో మాత్రం వాళ్లు మరింత ఆరితేరాలి.

నమ్మకమా? లెక్కా?

ప్రతి వంటింట్లోనూ కొన్ని ఆచారాలుంటాయి. ఈ బల్ల మీదా అంతే. ప్రతి గొట్టాన్నీ తూచేవాళ్లు, ప్రైమర్లని కూడా తూచి ఏరేవాళ్లు, బుల్లెట్‌ మొనల్ని సానబట్టేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా?

చిక్కేమిటంటే చాలామంది అయిదు తూటాలు కాల్చి తేల్చేస్తారు. అయిదూ దగ్గర దగ్గరగా పడితే ‘ఇదే మంత్రం’ అనుకుంటారు. నాణేన్ని అయిదుసార్లు ఎగరేస్తే అయిదుసార్లూ బొమ్మే పడటం ముప్ఫైరెండింటిలో ఒకసారి జరిగేదే. అంతమాత్రాన అది మాయనాణెం కాదు కదా! పది, ఇరవై, ముప్ఫై తూటాలు కాల్చి చూస్తే చాలా మంత్రాలు మామూలువని తేలిపోతుంది. బుల్లెట్‌ వేగం కొలిచే చిన్న రాడార్‌ పరికరాలు 2010ల నుంచి అందుబాటులోకి వచ్చాక ఈ లెక్క తప్పించుకోవడం కష్టమైంది. మంచి బ్యారెల్‌, మంచి బుల్లెట్‌, ఒకే జాతి ఇత్తడి గొట్టాలు, సరైన తూకం... వీటి దగ్గరే లాభంలో పెద్దభాగం ఉందని అనుభవజ్ఞులు చాలామంది ఒప్పుకుంటున్నారు. మిగతావి మనశ్శాంతికి. ఫ్యాక్టరీల పోటీ తూటాలు కూడా ఇప్పుడు ఎంతో మెరుగయ్యాయి. కాబట్టి వందగజాలకి కాల్చేవాడికి ఈ శ్రమ అక్కర్లేకపోవచ్చు. వెయ్యి గజాలవాడికి ఇంకా తప్పలేదు.

తప్పు చేస్తే రెండో అవకాశం లేదు

.223 తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 55 వేల పౌండ్ల దాకా ఉండొచ్చని అమెరికా పరిశ్రమ ప్రమాణం. కారు టైరులో మనం కొట్టించే గాలికి దాదాపు 1700 రెట్లు! అది పేలేది షూటర్‌ చెంపకి బెత్తెడు దూరంలో. కాబట్టి ఈ వంటలో ఉప్పు ఎక్కువైతే కూర పారబోసి ఊరుకోలేం.

ఎక్కువ ప్రమాదాలకి మూలం అజ్ఞానం కాదు, పరధ్యానం. ఒక గొట్టంలో రెండుసార్లు మందు పోయడం, ఒక డబ్బా బదులు మరో డబ్బా తీయడం. పైకి ఒకేలా కనిపించే మందుల్లో ఒకటి నెమ్మదిగా, మరోటి చటుక్కున కాలుతుంది. పిస్టల్‌ మందుని రైఫిల్‌ తూటాలో పోస్తే తుపాకీయే పగిలిపోవచ్చు. అందుకే ఈ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. బల్ల మీద ఒకసారి ఒకే మందు డబ్బా ఉండాలి. టీవీ, ఫోను, కబుర్లు బంద్‌. బుల్లెట్లు పెట్టేముందు వరసలో ఉన్న గొట్టాలన్నింట్లోకీ టార్చి వేసి మట్టం సమంగా ఉందో లేదో చూసుకోవాలి. బుల్లెట్‌, మందు తయారీదారులు అచ్చువేసే లెక్కల పుస్తకమే ప్రమాణం. స్నేహితుడు చెప్పిన కొలత కాదు. పుస్తకంలోని గరిష్ఠ కొలతతో ఎప్పుడూ మొదలుపెట్టకూడదు. అనుమానం వస్తే కాల్చకూడదు, విప్పేయాలి. సీసం, ప్రైమర్‌ మసి చేతికి అంటుతాయి కాబట్టి ఆ బల్ల దగ్గర తిండి నిషిద్ధం. పని కాగానే చేతులు కడుక్కోవాలి. పిల్లలకి అందనిచోట తాళం, దగ్గర్లో నిప్పు లేకుండా చూడటం సరేసరి.

మన దగ్గర ఇది అభిరుచి కింద చేసుకునే పని కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

మనవాళ్ల దారి వేరు

మరి మన షూటర్ల సంగతి? ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌ పోటీకి వాడేది .22 రిమ్‌ఫైర్‌ తూటా. దీన్ని మళ్లీ నింపడం కుదరదు. ఇందులో ప్రైమర్‌ విడిగా ఉండదు. నిప్పు పుట్టించే పదార్థం గొట్టం అడుగు అంచు మడతలోనే ఉంటుంది. పేలినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది. మళ్లీ పనికిరాదు.

అయినా ‘ఒకేలాంటి తూటా’ వేట వాళ్లకీ తప్పదు. 50 మీటర్ల లక్ష్యం మీద పది పాయింట్ల బొట్టు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. బుల్లెట్‌ 5.6 మిల్లీమీటర్లు. నింపుకునే వీల్లేదు కనుక ఎంచుకుంటారు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటాల్లోనూ ఒక్కో బ్యాచ్‌ ఒక్కోలా ఉంటుంది. అందుకే బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఈలీ, జర్మనీలోని షోనెబెక్‌లో లపువా కంపెనీలు పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. షూటర్‌ తన రైఫిల్‌ పట్టుకెళ్తాడు. దాన్ని కదలకుండా బిగించి బ్యాచ్‌ తరవాత బ్యాచ్‌ కాల్చి చూస్తారు. తన బ్యారెల్‌కి కుదిరిన బ్యాచ్‌ దొరికితే అందులోంచి సీజనుకి సరిపడా కొనేసుకుంటారు. చీర కొనేటప్పుడు మ్యాచింగ్‌ జాకెట్‌ గుడ్డకీ అదే తాను వెతికినట్టు!

హైదరాబాద్‌ షూటర్‌ గగన్‌ నారంగ్‌కి 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌. అక్కడ తూటా లేదు, మందు లేదు. చిన్న సీసపు పెల్లెట్‌ అంతే. కానీ అందులోనూ 4.49, 4.50 అంటూ మిల్లీమీటరులో వందోవంతు తేడాతో సైజులుంటాయి. ఏ సైజు తన బ్యారెల్‌కి నప్పుతుందో వెతుక్కోవాల్సిందే. 50 మీటర్ల ప్రోన్‌ పోటీలోనూ దిగిన నారంగ్‌ 2014 గ్లాస్గో కామన్వెల్త్‌ క్రీడల్లో ఆ విభాగంలో రజతం గెలిచాడు. లండన్‌లో అదే ప్రోన్‌ పోటీలో మరో భారత షూటర్‌ జోయ్‌దీప్‌ కర్మాకర్‌ రెండు పాయింట్లలోపు తేడాతో కాంస్యం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచాడు. 2024 పారిస్‌లో 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో స్వప్నిల్‌ కుశాలే 451.4 పాయింట్లతో కాంస్యం అందుకున్నాడు. పతకాన్ని తేల్చే అంకె దశాంశ బిందువు తరవాత ఉన్నప్పుడు తూటాల మధ్య తేడాని ఎవరు ఉపేక్షించగలరు?

ఇంట్లో నింపుకున్నా, కేంద్రానికి వెళ్లి ఏరుకున్నా ఆశ ఒకటే. మైదానంలో పడుకున్నాక ‘తూటా తప్పేమో’ అన్న అనుమానం ఉండకూడదు. గొట్టం కొలిచారు, మందు తూచారు, బుల్లెట్‌ నిలబెట్టారు. చేతిలో ఉన్నదంతా చేసేశారు. ఇక మిగిలింది జెండా రెపరెపలాడే తీరు చూస్తూ ఆగడమే. గురిగింజలో ఇరవయ్యో వంతు దాకా లెక్కగట్టే త్రాసులు వచ్చాయి కానీ, గాలిని తూచే త్రాసు ఇంకా ఎవరి బల్ల మీదా లేదు.